కడలి వార్త

ఓరుగంటి కోటకు సముద్రము కానరాదు. కోట గోడపై నిలిచి ఎటు చూచినను గుట్టలు, చెరువులు, పంటచేలు కన్పట్టును గాని కెరటము కన్పట్టదు. సముద్రతీరము అచటికి సుమారు 250 కిలోమీటర్ల దూరమున ఉన్నది. అయినను ఆ కోటనుండి రాజ్యమేలిన కాకతీయ గణపతిదేవుడు సముద్రముపై ప్రయాణించువారి కొరకు ఒక శాసనము వేయించెను. అది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కలదు. శక సంవత్సరము 1166న, అనగా క్రీస్తు శకము 1244-45 ప్రాంతమున, వెలువడిన ఆ శాసనమును చరిత్రకారులు అభయ శాసనమని పిలుతురు.

మోటుపల్లి ఆ కాలమున గొప్ప రేవు. చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పగడములు, మిరియములు మున్నగు సరకులు ఆ రేవున చేతులు మారుచుండెను. ప్రాణమునకు తెగించి దూరదేశములనుండి వచ్చు వర్తకులకు రెండు భయములు ఉండెడివి. మొదటిది తుఫాను. రెండవది తీరమును ఏలు రాజు. గాలివానకు దారి తప్పి ఏ ఓడయైనను ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో, అందలి సొత్తునంతయు ఆ తీరపు రాజు స్వాధీనము చేసికొనుట పూర్వము ఆచారముగా నుండెను. సముద్రము విడిచిన దానిని రాజు దోచుకొనెడివాడు. గణపతిదేవుడు ఈ అన్యాయమును మాన్పెను. ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రము గైకొని, తక్కిన ధనమునంతయు వర్తకులకే విడుతునని ఆయన రాతిపై చెక్కించెను.

ఆ శాసనము రాజధర్మమునకు వన్నె తెచ్చినది. కాని దానికి ఒక హద్దు కలదు. తుఫాను వచ్చిపోయిన పిమ్మట మిగిలిన సొత్తును రాజు కాపాడగలిగెను. తుఫాను రాకముందే నావికుని హెచ్చరించి, ప్రాణమును కాపాడుట ఆ కాలమున ఏ రాజు చేతిలోను లేదు. రేపటి గాలి ఎట్లు వీచునో చెప్పగల సాధనము లోకమున ఎచ్చటను లేకుండెను. ఆ లోటును తీర్చుటకు మానవునకు ఇంచుమించు ఏడు శతాబ్దములు పట్టినది.

వసంత ఋతువనగా చైత్ర వైశాఖ మాసములు. మామిడి చిగుర్చును, కోయిల కూయును, ఉగాది పండుగ వచ్చును. కవులు ఈ ఋతువును సుకుమారముగా వర్ణించిరి. వాతావరణ శాస్త్రజ్ఞులు మార్చి, ఏప్రిల్, మే నెలలను ఒక కాలముగా లెక్కించి, నైరుతి ఋతుపవనములకు ముందు వచ్చునది గనుక దానిని ఋతుపవన పూర్వకాలమని వ్యవహరింతురు. వారి దృష్టిలో ఇది వేడిమిని కూడబెట్టు కాలము. మార్చి మూడవ వారమున సూర్యుడు భూమధ్యరేఖను దాటి ఉత్తరముగా సాగును. దినములు దీర్ఘమగును. నేల త్వరగా కాగును. నీరు మాత్రము నెమ్మదిగా వేడెక్కును. ఎండ నీటిలో లోతునకు చొచ్చుకొనిపోవును. అలలు పైనీటిని క్రిందినీటితో కలుపుచుండును. కావున నేల మండుచున్న వేళ కడలి చల్లగానే ఉండును.

ఈ భేదము వలననే తీరవాసులకు సముద్రపు గాలి లభించుచున్నది. ప్రొద్దెక్కిన కొలది నేలపైనున్న గాలి వేడెక్కి, తేలికపడి, పైకి లేచును. ఆ చోటును నింపుటకు సముద్రముపై నుండి చల్లని గాలి వచ్చును. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు సుమారు వేయి కిలోమీటర్లు వ్యాపించిన తీరమున మధ్యాహ్నవేళ ప్రజలు ఎదురుచూచునది ఈ గాలి కొరకే. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము మొదలగు తావులలో ఇది సకాలమున వీచినచో ఎండ తీవ్రత తగ్గును. కొన్ని దినములలో పడమటి దిక్కునుండి పొడి వడగాలి బలముగా వీచి సముద్రపు గాలిని లోనికి రానీయదు. అట్టి దినముల తీరపట్టణములు సయితము పొయ్యిమీది పెనమువలె కాగును.

తీరపు ఎండకు మరియొక గుణము కలదు. అచట గాలిలో తేమ ఎక్కువ. తేమగాలిలో చెమట త్వరగా ఆరదు. చెమట ఆరనిచో దేహము చల్లబడదు. అందుచేతనే వాతావరణ శాఖవారు వడగాడ్పును నిర్ణయించుటలో తీరమునకు వేరు కొలత ఏర్పరచిరి. మైదాన ప్రాంతమున ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, సాధారణముకంటె నాలుగున్నర డిగ్రీలు మించినపుడు వడగాడ్పు అందురు. తీరమున 37 డిగ్రీలకు చేరి, అంతే మించినను వడగాడ్పుగనే ఎంచుదురు. 2015వ సంవత్సరము మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడదెబ్బకు రెండువేల మందికి పైగా అసువులు బాసిరి. వారిలో పెక్కుమంది ఎండలో పని మానుకొనలేని కూలీలు, వృద్ధులు. వసంతకాలపు వాతావరణ వార్త సముద్రయానము చేయువారికే గాక, నేలపై చెమటోడ్చువారికి గూడ అవసరమని ఆ సంవత్సరము తెలిపినది.

ఇక సముద్రము సంగతి. వసంతమున బంగాళాఖాతము చూచుటకు శాంతముగా నుండును. తీరము వెంబడి గాలి ఎక్కువగా నైరుతి దిక్కునుండి వీచును. తీరమునానుకొని పారు ప్రవాహము దక్షిణమునుండి ఉత్తరమునకు సాగును. చేపలు గ్రుడ్లు పెట్టి సంతతిని వృద్ధిచేయు సమయమగుటచే, తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలు వేటకు పోరాదని నిషేధము కలదు. రేవులలో మరపడవలు వరుసగా నిలిచి విశ్రమించును. మత్స్యకారులు వలలు బాగుచేసికొందురు. యంత్రములేని తెప్పలపై, నాటుపడవలపై పోవు పేదలు మాత్రము అప్పుడును కడలిమీదనే ఉందురు. నిషేధము వారికి వర్తింపదు. తుఫాను వచ్చినచో అందరికంటె ముందుగా ఆపదకు లోనగువారును వారే.

శాంతముగా కన్పట్టు ఈ కడలి లోలోపల వేడిమిని నిలువ చేసికొనుచుండును. ఏప్రిల్, మే నెలలు వచ్చునప్పటికి బంగాళాఖాతపు పైనీరు ఇంచుమించు 30 డిగ్రీలకు చేరును. తుఫాను పుట్టుటకు నీటి వేడిమి 26, 27 డిగ్రీలున్న చాలును. వెచ్చని నీటినుండి ఆవిరి లేచి, పైకి పోయి, మేఘమై కురియునపుడు తాను దాచుకొన్న వేడిమిని గాలికి విడుచును. ఆ వేడిమిచే గాలి ఇంకను పైకి లేచును. క్రింద పీడనము తగ్గును. నలుదిక్కుల గాలి ఆ చోటునకు పరుగిడును. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నందున ఆ గాలి తిన్నగా పోక సుడి తిరుగును. ఇదియే అల్పపీడనము, వాయుగుండము, తుఫాను అను మెట్లుగా పెరుగును.

బంగాళాఖాతమున తుఫానులకు ముఖ్యముగా రెండు కాలములు. ఒకటి ఏప్రిల్, మే నెలలు. రెండవది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. తెలుగు తీరమునకు రెండవ కాలమే ఎక్కువ భయంకరమైనది. వసంతపు తుఫానులు సంఖ్యలో తక్కువ. వానిలో పెక్కు ఉత్తరముగా మరలి ఒడిశా, బంగాళము, మయన్మార్ దిశలకు పోవును. 1991 ఏప్రిల్ 29న బంగ్లాదేశ్‌ను, 2008 మే 2న మయన్మార్‌ను తాకిన తుఫానులు ఒక్కొక్కటి లక్షమందికి పైగా బలిగొన్నవి. తక్కువగా వచ్చునని వసంతపు తుఫానును తేలికగా చూడరాదు. అది తెలుగు తీరమునకును రాకపోలేదు. 2010 మే 20న లైలా అను తుఫాను మోటుపల్లికి చేరువనే యున్న బాపట్ల కడ తీరమును దాటినది.

సముద్రపు వార్తతో ఓరుగల్లువారికేమి పని అని ఎవ్వరైనను అడుగవచ్చును. వసంతమున బంగాళాఖాతముపై నుండి తేమగాలి భూభాగముమీదికి వచ్చును. పడమటినుండి వచ్చు పొడిగాలితో అది తెలంగాణముపై కలిసికొనును. ఆ కలయికకు తోడు అల్పపీడన ద్రోణి ఏర్పడినచో, మండుటెండ కాచిన దినముననే సాయంకాలమునకు కారుమబ్బులు క్రమ్మును. ఉరుములు, పిడుగులు, ఈదురుగాలి, ఒక్కొక్కప్పుడు వడగండ్లు పడును. అది యాసంగి వరి కోతకు వచ్చు సమయము. మామిడికాయ ముదురు సమయము. వరంగల్లు ఏనుమాముల మార్కెట్టుకు ఎఱ్ఱని మిరప బస్తాలు బండ్లకొలది చేరు సమయము. ఒక గడియ వాన పడినచో కల్లములోని వడ్లు తడియును, తోటలోని కాయలు రాలును, ఆరుబయటనున్న మిరప రంగు చెడును. ఏడాది కష్టము ఒక సాయంకాలమున కరగిపోవును. ముందునాడే వార్త విన్న రైతు ధాన్యముపై పరదా కప్పుకొనగలడు. బస్తాలను తరలించుట ఒకనాడు ఆపుకొనగలడు. కడలినుండి వచ్చిన తేమయే ఆ వాన. కావున కడలి వార్త ఓరుగంటి రైతుకును చెందిన వార్తయే.

ఇట్టి వార్త చెప్పగల శాస్త్రము ఒక్కనాట పుట్టలేదు. దానికొరకు శ్రమించిన వారిలో తెలుగువారును కలరు. 1840 ప్రాంతమున గొడే వెంకట జగ్గారావు విశాఖపట్టణమున స్వంత ధనముతో వేధశాలను నెలకొల్పెను. ఆయన తరువాత అంకితం వెంకట నరసింగరావు దానిని పోషించి, ఆకాశ పరిశీలనతోపాటు వాతావరణ పరిశీలనమును సాగించెను. ప్రతిదినము గాలి పీడనమును, వేడిమిని, వానను కొలిచి వ్రాసిపెట్టుట చూచువారికి నిష్ప్రయోజనముగా తోచవచ్చును. ఏండ్ల తరబడి వ్రాసిన ఆ అంకెలవంటివే నేటి శాస్త్రమునకు పునాదిరాళ్లు.

1864వ సంవత్సరము బంగాళాఖాతమునకు దుర్దినములు తెచ్చినది. అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న బందరును పెనుతుఫానులు ముంచెత్తినవి. బందరు ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. ముందుగా తెలియజేయు ఏర్పాటు లేకపోవుటచే ఎంతటి నష్టము వాటిల్లునో పాలకులకు అప్పుడు బోధపడెను. పిమ్మట 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. తంతి, రేడియో, రాడారు, ఉపగ్రహము అను సాధనములు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆ శాఖకు కన్నులు, చెవులు అయినవి. తుఫానులను కనిపెట్టు రాడారును 1970లో విశాఖపట్టణమున నెలకొల్పిరి. నేడు అంతరిక్షమునుండి ఇన్‌శాట్ ఉపగ్రహములు రేయింబవళ్లు సముద్రమును కనిపెట్టుచున్నవి.

అయినను వార్త తెలియుట వేరు, వార్త చేరుట వేరు. ఈ భేదమును రెండు తుఫానులు స్పష్టముగా చూపినవి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రము నేలమీదికి వచ్చినది. ఇంచుమించు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. తుఫాను వచ్చుచున్నదని శాస్త్రజ్ఞులు ఎరుగుదురు. కాని అంతటి నీరు తమ యింటి మీదికి వచ్చునని తీరగ్రామములలోని పేదలకు తెలిసిరాలేదు. తెలిసిన కొందరికిని పోవుటకు ఎత్తైన చోటు లేదు.

పదమూడేండ్లు గడచినవి. 1990 మే నెల మొదటి వారమున, నిండు వసంతమున, బంగాళాఖాతమున మరియొక తుఫాను పుట్టినది. సముద్రముపై దాని గాలివేగము గంటకు 200 కిలోమీటర్లు దాటినది. మే 9న అది కృష్ణానది ముఖద్వారమునకు దాపున తీరమును తాకినది. ఈ తడవ ఉపగ్రహము దానిని దినదినము చూపుచుండెను. హెచ్చరికలు ముందుగనే వెలువడినవి. లక్షన్నర మందికి పైగా జనులను అధికారులు లోతట్టు గ్రామములనుండి తరలించిరి. దివిసీమ ఉప్పెన తరువాత తీరమున కట్టిన తుఫాను రక్షణ భవనములు వారిలో పెక్కుమందికి నిలువ నీడనిచ్చినవి. పైరులు, ఇండ్లు, పశువులు అపారముగా నష్టమైనవి. ఇంచుమించు 960 మంది మరణించిరి. ఆ సంఖ్య చిన్నది కాదు; ప్రతి సంఖ్య వెనుక ఒక కుటుంబము కలదు. కాని 1977 నాటి సంఖ్యతో పోల్చిచూచినచో, వేళకు చేరిన మాట, నడువ సిద్ధపడిన కాళ్లు, చేరుకొనుటకు గట్టి భవనము - ఈ మూడును కలిసి ఎన్ని వేల ప్రాణములను నిలిపినవో ఊహింపవచ్చును.

నేడు వసంతకాలపు వార్త మూడు విధములుగా వెలువడుచున్నది. మొదటిది కాలపు అంచనా. వేసవికి ముందుగా వాతావరణ శాఖవారు రానున్న మూడు నెలలలో ఎండ సాధారణముకంటె హెచ్చగునా, తగ్గునా అని తెలుపుదురు. ఇది ఏ దినమున ఏమి జరుగునో చెప్పదు. మొగ్గు ఎటువైపు కలదో మాత్రము చెప్పును. రెండవది కొలది దినముల సూచన. ఇందు గాలి, వాన, వేడిమి ఏ జిల్లాలో ఎట్లుండునో ఉండును. మూడవది హెచ్చరిక. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అను నాలుగు రంగులతో దీనిని తెలుపుదురు. పసుపు కనిపెట్టి యుండుమని, నారింజ సిద్ధముగా నుండుమని, ఎరుపు వెంటనే రక్షణకు పూనుకొనుమని అర్థము.

రేవులలో ఇంకొక పురాతన భాష కలదు. పగలు స్తంభముపై వ్రేలాడదీసిన గుర్తులతోను, రాత్రి దీపములతోను నావలకు హెచ్చరిక చేయుదురు. ఒకటవ నెంబరు మొదలు పదునొకండవ నెంబరు వరకు ఇవి కలవు. ఒకటవ నెంబరు దూరమున ఏదియో రేగుచున్నదని చెప్పును. పదవ నెంబరు మహాప్రమాదమును తెలుపును. పదునొకండవ నెంబరు వార్తా సంబంధములే తెగిపోయినవని చాటును. అలల ఎత్తు, ప్రవాహముల వేగము తెలుపుటకు 1999లో హైదరాబాదున భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము నెలకొన్నది. హైదరాబాదుకును సముద్రము కానరాదు. అచట కూర్చున్న శాస్త్రజ్ఞులు తీరమున తెప్ప దించబోవు మత్స్యకారునకు నేటి అల ఎంత ఎత్తున లేచునో చెప్పుచున్నారు. ఓరుగంటిలో కూర్చుండి మోటుపల్లి నావికుని క్షేమమును తలపోసిన రాజుగారి బుద్ధియే ఇప్పుడు శాస్త్రరూపము దాల్చినది.

సూచన ఎల్లప్పుడును అక్షరాల ఫలించునని తలపరాదు. 2022 మే నెలలో అసాని అను తుఫాను సముద్రములోనే మరలిపోవునని మొదట అంచనా వేసిరి. అది మరలక ఆంధ్రతీరమునకు చేరువయ్యెను. తీరపు జిల్లాలను వెంటనే హెచ్చరించిరి. తుఫాను తీరమును చేరునప్పటికి బలహీనపడి, మచిలీపట్టణము, నరసాపురముల నడుమ భూమిని తాకినది. తుఫాను తన నడక మార్చుకొనెను. కాబట్టి నిన్నటి వార్త విని నేడు కడలిలో దిగుట ప్రమాదము. వార్తను చివరివరకు వినుచుండవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదము ఇంకొకటి కలదు. ఒకమారు హెచ్చరిక విని ఇల్లు విడిచి పోయిన వారు, తుఫాను రానందున తిరిగి వచ్చి, వృథాగా శ్రమపడితిమని విసుగుకొందురు. మరుసటి మారు పిలిచినను కదలరు. తుఫాను రాకపోవుట నష్టము కాదు. ఒక రాత్రి రక్షణ భవనములో నిద్ర చెడుట, ఒక దినము వేట మానుట, ఒక పూట కూలి పోవుట నిజమైన కష్టములే. పేదవానికి అవి బరువే. కాని ఆ బరువు మోయదగినది. ఉప్పెనలో కొట్టుకొనిపోయిన ప్రాణమును మాత్రము ఏ ప్రభుత్వమును, ఏ శాస్త్రమును తిరిగి తేజాలదు.

మోటుపల్లి శాసనము నేటికిని రాతిస్తంభముపై నిలిచియున్నది. గణపతిదేవుడు తుఫాను వెలువరించిన సొత్తునకు అభయమిచ్చెను. నేటి వాతావరణ వార్త తుఫానుకు ముందుగనే ప్రాణమునకు అభయమిచ్చుచున్నది. రాజు ఇచ్చిన అభయమునకు రాజుమాట ఒక్కటే చాలెను. ఈ అభయము అట్టిది కాదు. కొలిచి వ్రాయువాడు, లెక్కించి చెప్పువాడు, ఊరూర చాటువాడు, విని నడుచుకొనువాడు - ఈ నలుగురును కలిసిననే అది పూర్తియగును. మొదటి ముగ్గురు తమ పనిని చేసి ముగించిన పిమ్మట, తెప్పను ఒడ్డునకు లాగవలసిన చేయి మత్స్యకారునిదే. కుప్పపై పరదా కప్పవలసిన చేయి రైతుదే.